పీచ్ పళ్ళ పాకం

ఏడో నెల పౌర్ణమి. పోయినవాళ్ళు ఇంటికి భోజనానికి వచ్చే రోజు. నా భార్య సూవెన్ ఫొటో ముందు అన్నం, చేప, ఒక జత చాప్‌స్టిక్స్ పెట్టాను. పటికబెల్లం పాకంలో ఉడికిన పీచ్ ముక్కలు కూడా కొన్ని చిన్న గిన్నెలోకి తీశాను.

"అవి అక్కడ పెట్టకు నాయనా," అన్నారు అత్తగారు.

"సూవెన్‌కి ఇష్టం కదా అత్తయ్యా."

"బతికున్నప్పుడు. బళ్ళో అంతమందికి పాఠాలు చెబుతావు, ఈపాటి తెలీదా? పోయినవాళ్ళు పీచ్ పండున్న చోటికి రాలేరు."

"మరి నెల్లాళ్ళుగా రోజూ ఎందుకు వండుతున్నారు? ఇల్లంతా ఈ వాసనే."

ఆవిడ పొయ్యి ఆర్పారు.

"సూవెన్ వచ్చి మన మింగ్‌యా మంచం పక్కన నిలబడేది. రెండుసార్లు చూశాను. ఆ తర్వాతే పిల్లకి జ్వరం పట్టుకుంది. కన్నదాన్ని, పొమ్మని నా నోటితో ఎలా అంటాను? అందుకే వండాను. పిల్లకి పెట్టాను."

సూవెన్ వస్తుందేమోనని నెల్లాళ్ళుగా నేను తలుపు గడియ పెట్టకుండా పడుకుంటున్నాను. ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

బల్ల దగ్గర కూర్చున్న నా కూతురు మింగ్‌యా చెంచా కింద పెట్టింది. దానికి ఆరేళ్ళు. జ్వరం తగ్గి మూడు రోజులైంది. తన ముందున్న పీచ్ ముక్కల గిన్నెని మెల్లగా పక్కకి జరిపింది.

"అమ్మమ్మా, నాకివాళ వద్దు. అమ్మ వచ్చి తిని వెళ్ళాక తింటాను."

 అత్తగారు రెండు గిన్నెలూ పొయ్యి మీది పాకం పాత్రలోకి ఒంపేసి, ఆ పాత్రని తీసుకెళ్ళి పక్కింటివాళ్ళకి ఇచ్చి వచ్చారు. సబ్బుతో చేతులు కడుక్కుని, వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కున్నారు.