గోడ మీద రాయని రాజం

ముందే చెబుతున్నాను, నా రాతలో ఒత్తులు తప్పుతాయి. ఈ ఒక్క కథ రాయడానికి నెల పట్టింది. నేను పలక పట్టిందే మా ఆయన పోయాక. తప్పులు దిద్దుకొని చదవండి.

"నేను కిందికి దిగ సార్."

రాజం మళ్లీ అదే మాట అన్నాడు. గని అండర్ మేనేజర్ అనంతరామ్‌కు విసుగొచ్చింది. గోదావరిఖని బజారులో రాజం బోర్డులు చూసి ముచ్చటపడి పిలిపించింది ఆయనే. మిగతా పెయింటర్ల అక్షరాలు హాజరుకు నిలబడ్డట్టు బిగుసుకొని ఉండేవి. రాజం బోర్డుల మీద పసుపు రంగు అక్షరాలు గుండ్రంగా, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకొని ముచ్చట పెట్టుకుంటున్నట్టు ఉండేవి. చదువు రానివాళ్లు కూడా ఎల్లేశం చాయ్ హోటల్ బోర్డు ముందు ఆగి చూసేవారు.

"కింద గోడకు సున్నం వేయించాను. దాని మీద నాలుగు మాటలు రాస్తే పర్మినెంట్ డ్యూటీ, క్వార్టరు. ఇంకేం కావాలయ్యా?"

"రేకు ఇయ్యుండ్రి సార్. ఇంటికాడ రాసి తెస్త."

బజారులోనూ అంతే. దుకాణం ముందు కూర్చొని రేకు మీద సుద్దముక్కతో పేరు రాసుకొని, చంకన పెట్టుకొని ఇంటికి పోయేవాడు. తెల్లారి రంగులతో తెచ్చేవాడు. గోడల మీద రాయమంటే ఒప్పుకునేవాడు కాదు.

"కింద నీళ్లు కారుతాయి. రేకు తుప్పు పడుతుంది."

పక్కనున్న కొమురెల్లి, గని కార్మికుల మీద సర్దార్, పకపకా నవ్వాడు. "ఏందిరా రాజం, ఆడిదాని లెక్క గింత భయమా? బొగ్గుబాయి నిన్ను మింగుతదా?"

"గట్లనే అనుకో కాక."

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. భార్య పూలమ్మ వేళ్లకంటిన పసుపు రంగును కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ వింది.

"క్వార్టర్ల నల్లా ఉంటది గద" అంది మెల్లగా.

"ఉంటది."

"నిన్ను పిరికోడనుకుంటరు."

"అనుకోనియ్యి. రేకు ఎనుక తారు పూస్త. తుప్పెట్ల పడుతదో చూద్దాం."

రేకు తయారై గనికి చేరింది. "పైలం బిడ్డా, ఇంటికాడ ఎదురుచూస్తున్నరు" అని ఉంది దాని మీద. అనంతరామ్ దాన్ని చూసి, కిందికి పంపమని చేత్తో సైగ చేశాడు.

మొదటి షిఫ్టుకు దిగిన కొమురెల్లి దీపం ఎత్తి చూశాడు. అతనికి చదువు రాదు. పక్కవాడు చదివి చెప్పబోతే ఆపాడు.

"ఉండురా. మా అవ్వ వాకిట్ల నిలవడి చెప్పినట్టే ఉంది."

ఆ రోజు నుంచి దిగే ప్రతివాడూ దాన్ని తాకి ముందుకు పోయేవాడు. రేకు తుప్పు పట్టలేదు. డ్యూటీ, క్వార్టరు మాత్రం గోడల మీద రాసే వేరే పెయింటరుకు పోయాయి. రాజానికి పిరికివాడన్న పేరు ఆయన చనిపోయేదాకా మిగిలింది. ఆయన ఎన్నడూ కాదనలేదు.

ఆ రోజుల్లో ఆడవాళ్లను గనిలోకి దిగనిచ్చేవారు కాదు.

పూలమ్మ, డెబ్బై మూడేళ్లు, ఇప్పుడు ఉంటున్నది పెద్దపల్లి.