శిరివెళ్ల దాటినాక

శిరివెళ్ల దాటేసరికి చంకలో జరంతో కాలుతున్న బిడ్డ మూలగడం కూడా మానేసింది. అయినా లూర్దమ్మ ఆగలేదు.

సిస్టర్ల మఠం స్థాపించిన ఇద్దరు తల్లులు డెబ్బై ఏండ్ల కిందట నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నడిచిన దోవ అది. 1979లో మఠం వాళ్లు ఆ దోవనే యాత్ర పెట్టినారు. బిడ్డను ఆళ్లగడ్డలోని ఆ తల్లుల సమాధి మీద పడుకోబెడతానని లూర్దమ్మ మొక్కుకుంది.

యాత్ర నడిపిస్తున్న సిస్టర్ ఆగ్నెస్ బిడ్డ ఒంటి మీద చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. ఎదురొస్తున్న నంద్యాల బస్సును చెయ్యెత్తి ఆపింది.

"ఎక్కు లూర్దమ్మా, ఆసుపత్రికి పోదాం."

"ముందు పుట్టిన ఇద్దర్నీ ఆసుపత్రికే ఎత్తుకపోతి. దక్కినారా? సగంలో తిరిగితే మొక్కు చెడతాది సిస్టరమ్మా. నేను రాను!" లూర్దమ్మ బిడ్డను రొమ్ముకు అదుముకుని రోడ్డు మీదే కూలబడింది.

కండక్టరు తొందర పెడుతున్నాడు. సిస్టర్ ఆమె పక్కన మోకరించింది.

"ఆ తల్లులు కూడా మొదటిసారి ఈడనుంచే వెనక్కి తిరిగినారు. తోడొచ్చిన ఒక బిడ్డకు జరమొస్తే నంద్యాలకు ఎత్తుకపోయినారు. వాళ్ల అడుగుల్లో నడవాలంటే నువ్వూ తిరగాల."

లూర్దమ్మ లేచి బస్సెక్కింది.

ఆసుపత్రిలో ఐదో రోజు బిడ్డ కళ్లు తెరిచి నీళ్లడిగింది. లూర్దమ్మ ఏడుస్తా సిస్టర్ చేతులు పట్టుకుంది.

"ఆ తల్లులు తిరిగిన చోట సిలువ నాటిస్తానమ్మా. సరిగ్గా యాడ?"

సిస్టర్ మెల్లగా చేతులు విడిపించుకుంది.

"వాళ్లు యాడా వెనక్కి తిరగలేదు లూర్దమ్మా. ఆ మాట నేనే కల్పించినా. నిన్న ఫాదర్ దగ్గర పాపాలన్నీ చెప్పుకున్నా. ఇది మాత్రం పాపమని చెప్పేకి నోరు రాలేదు."