గుండె మీద చెవి

“కొట్టుకుంటందా?” అడిగాడు సుభానీ.

“మాట్లాడమాక. వినపడదు,” అంది మదార్‌బీ, భర్త ఛాతీకి చెవి ఆనించి.

బైపాస్ చేయించి గుంటూరు నుంచి పర్చూరు తెచ్చుకున్నప్పటి నుంచీ ఆమెకిదే పని. పొయ్యి మీద పాలు పొంగినా సరే, ముందు గుండె చప్పుడు వినాల్సిందే. డిశ్చార్జి చేస్తూ డాక్టరు చెప్పిన మాటలు ఇంకా ఆమె చెవిలో గింగురుమంటూనే ఉన్నాయి.

“పెద్ద రక్తనాళం గోడకి సున్నంలా పెళ్ళలు కట్టాయమ్మా. దానికి క్లాంపు బిగిస్తే అవి ఊడి రక్తంలో కొట్టుకుపోతాయి. అందుకే దాన్ని ముట్టుకోకుండా, గుండె ఆపకుండా ఆపరేషన్ చేశాం. స్ట్రోక్ ముప్పు చాలా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఏమాత్రం అనుమానం వచ్చినా వెంటనే తీసుకురండి.”

స్ట్రోక్! ఆ మాటకే మదార్‌బీకి ఒళ్ళు చల్లబడుతుంది. పోయినసారి అది వచ్చినప్పుడు సుభానీ పరుపు కుడుతూ కుడుతూ, గుండె పట్టుకుని దూదిలోకి ఒరిగిపోయాడు. చొక్కా చెమటతో ముద్దయింది.

ఇవాళ పొద్దున అతనికి దగ్గు తెర వచ్చింది. దగ్గేటప్పుడు దిండు ఛాతీకి హత్తుకోమని ఆసుపత్రిలో చెప్పారు. కుడిచేత్తో అందుకున్నాడు. ఎడమచెయ్యి లేవలేదు. దిండు జారి కిందపడింది.

మదార్‌బీ ఉలిక్కిపడింది. “గుండెలో నొప్పా? చెమటలేమన్నా పడతన్నయ్యా?”

“లేదే. చెయ్యి బరువుగా ఉంది.”

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గుండెకి అతకడానికి నరం తీసింది ఆ చేతిలోంచే. కుట్లు పట్టేసి ఉంటాయి.

“హడలగొట్టి చంపుతున్నావు కదయ్యా!”

సుభానీ ఒక పక్కకి నవ్వాడు. పెళ్ళాన్ని ఎగతాళి చేసేటప్పుడు ఎప్పుడూ అంతే. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నిద్ర మంచిదేనని ఆమె లేపలేదు. కానీ భయం కుదురుగా ఉండనివ్వదు కదా, మధ్యాహ్నం దాకా మాటిమాటికీ వెళ్ళి చెవి పెట్టి వింది.

అన్నానికి లేపితే చెయ్యి ఇంకా అలాగే వేలాడుతోంది. కుట్లకి మందేమన్నా రాయాలేమోనని డాక్టరుకి ఫోన్ చేసి అంతా చెప్పింది.

“పొద్దున్నుంచీనా? అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?” డాక్టరు గొంతు మారిపోయింది.

“అబ్బే, స్ట్రోక్ కాదండీ! నేను చెవి పెట్టి వింటానే ఉన్నా. గుండె లక్షణంగా కొట్టుకుంటంది.”



“అమ్మా, నేను చెప్పిన స్ట్రోక్ గుండెకి కాదు, మెదడుకి.”