నత్తయ్య వంకర కొమ్ము

కర్టెన్లు మూసేశారు. జడ్జిగారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. బొమ్మలావిడ రిమోట్ ఆయన చేతికిచ్చి, వెనక్కి వెళ్లి గోడకి ఆనుకుంది.

"నత్తయ్య బస్సు" కొత్త సీజన్, మొదటి ఎపిసోడ్.

డ్రైవరు ఒక నత్త. బస్సు ఎప్పుడూ ఆలస్యం. అయినా ఎక్కినవాళ్లెవరూ దిగరు. కథంతా ఇంతే. ఈ మాత్రం కథ మీదే ఎంతమంది పిల్లలు ప్రాణం పెట్టుకున్నారో! అలాంటిదానికి కొత్త సీజన్ తీయడమంటే మాటలు కాదు. ఏ మూల ఏ కాస్త తేడా వచ్చినా జడ్జిగారు ఇట్టే పట్టేస్తారు.

ఆయనకి ఆ పేరు పెట్టింది సౌండు బావ. బస్సు కూత, గేరు చప్పుడు, వాన, ఉరుము అన్నీ అతని చేతి పనే. నత్తయ్యకి గొంతిచ్చేది పెద్దావిడ. బొమ్మలన్నీ బొమ్మలావిడవి. వేరేచోట వందమంది పంచుకునే పని ఇక్కడ ముగ్గురే లాక్కొస్తారు. నడుం నొప్పులు మాత్రం వందమందివీ ఈ ముగ్గురికే వచ్చాయి.

వాళ్లకి ఒకటే కట్టుబాటు. ఎవరు గీశారు, ఎవరు పలికారు అన్న మాట జడ్జిగారి చెవిన పడకూడదు. పడిందా, ఇక అంతే.

కిందటి ఏడాది బస్సు పసుపు రంగు కాస్త ముదిరింది. నిజానికి కాస్తంటే కాస్తే. జడ్జిగారు తెర వంక చూసి, "ఇది కాదు" అని లేచి వెళ్లిపోయారు. ఆ వారం జడ్జిగారు ముద్ద ముట్టలేదు, మిగతావాళ్ల గొంతులోకీ దిగలేదు. పెద్దావిడ ఏడుపు ఆగలేదు. చివరికి అంబులెన్సు రావలసి వచ్చింది. డాక్టరు బొమ్మలావిడని పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా అయితే తన చేతుల్లో ఉండదని చెప్పాడు.

"అమ్మాయ్, ఈసారి రంగు సరిగ్గా వేశావుగా?" పెద్దావిడ గుసగుసగా అడిగింది.

"వేశాను. మాట్లాడకు."

తెర మీద బస్సు కదిలింది. "కూర్చోండి, కూర్చోండి, తొందరేముంది!" అన్నాడు నత్తయ్య. గొంతు చివర్లో చిన్నగా జీరపోయింది. పెద్దావిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జడ్జిగారు కదల్లేదు. బస్సు వంతెన దాటింది. వాన పడింది. మలుపు వచ్చింది. నత్తయ్య మెడ సాచి చూశాడు.

బొమ్మలావిడ గుండె గుభేలుమంది.

నత్తయ్య ఎడమ కొమ్ము వంకర. మొట్టమొదటి ఎపిసోడ్‌లో స్తంభానికి గుద్దుకుని వంగింది, మళ్లీ తిన్నగా అయింది లేదు. పసివాళ్లని అడిగినా చెబుతారు. కానీ ఈ మలుపు దగ్గర వంకర కుడివైపుకి వచ్చింది. అటు చూసే బొమ్మ అప్పటికే ఉంది కదా, ఇటు చూసేది మళ్లీ గీయడం ఎందుకని కంప్యూటర్లో దాన్నే తిప్పేసింది. బొమ్మతోపాటు కొమ్ము కూడా తిరుగుతుందన్న సంగతి అలసటలో తట్టనే లేదు.

టక్కున బొమ్మ ఆగిపోయింది.

జడ్జిగారు లేచారు. తెర దగ్గరికి వెళ్లి కొమ్ము మీద వేలు పెట్టారు.

"వంకర ఇటెందుకుంది?"

కొంప మునిగింది అనుకుంది బొమ్మలావిడ. కళ్ల ముందు మళ్లీ అదే అంబులెన్సు, అదే డాక్టరు. పెద్దావిడ ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకి గాజులు నొక్కుకుపోయాయి.

"అద్దంలో చూసుకుంటున్నాడు కదండీ జడ్జిగారూ!" సౌండు బావ ఎక్కడ లేని ధైర్యం తెచ్చుకుని అన్నాడు. "మలుపు తిరుగుతున్నాడు. వెనకెవరైనా వస్తున్నారేమో చూసుకోవద్దూ? అద్దంలో అన్నీ అటుదిటు, ఇటుదటు కనబడతాయి."

జడ్జిగారు అతని మొహంలోకి చూశారు. ఆ చూపుకి బావ నవ్వు మధ్యలోనే చచ్చిపోయింది.

జడ్జిగారు గోడకున్న అద్దం దగ్గరికి నడిచారు. ఎడమ చెవి పట్టుకుని వంచారు. అద్దంలోకి చూశారు. వదిలారు. మళ్లీ వంచారు. దేన్నీ ఒకరు చెప్పారని నమ్మే రకం కాదు ఆయన.

వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"అవును. అద్దం."

బస్సు మళ్లీ కదిలింది. మలుపు తిరిగింది. కొమ్ము ఎడమకి వచ్చేసింది. చివర్లో బస్సు బురదలో దిగబడి, ఎక్కినవాళ్లంతా దిగి నెడుతుంటే నత్తయ్య, "నెట్టండి, నెట్టండి, తొందరేముంది!" అన్నాడు. జడ్జిగారు నవ్వారు. ఒకసారి కాదు, కుర్చీ కిర్రుమనేలా నవ్వారు. బొమ్మలావిడకి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

"మన నత్తయ్యే," అన్నారు జడ్జిగారు. రిమోట్ ఒళ్లో పెట్టుకుని పెద్దావిడ వైపు తిరిగారు. "ఆకలేస్తోంది."

పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి పరుగెత్తింది. బావ గోడ వారనే కూలబడ్డాడు. బొమ్మలావిడ ఒక్కో కర్టెనూ తీసింది.

టీవీవాళ్లు "నత్తయ్య బస్సు" ఆపేసి పదిహేడేళ్లయిందన్న సంగతి, నలభై దాటినా మనసులో ఆరేళ్లవాడిగానే ఉండిపోయిన ఆమె తమ్ముడికి ఈ ఏడాది కూడా తెలియలేదు.