ఛైర్మన్ గారి కునుకు

తెర మీద అంతరిక్ష నౌక శనిగ్రహం వైపు దూసుకుపోతోంది. దాన్ని లాగుతున్న తీగ కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

ఉత్సుగికి చెమటలు పట్టాయి. ఆ నౌక చేసిందీ, తీగ కట్టిందీ అతనే. స్టూడియో వెనక షెడ్డులో నడిచే ట్రిక్ షాట్ల విభాగానికి పెద్ద. సినిమా మొదలయ్యే ముందే ఛైర్మన్ అగాత్సుమ తేల్చి చెప్పేశాడు.

"నాకు నవ్వొచ్చే అంతరిక్షం సినిమా ఇంకొక్కటి తీశారంటే మీ షెడ్డు పడగొట్టి బౌలింగ్ హాలు కట్టిస్తా. టోక్యో అంతా ఇప్పుడు అదే ఆడుతోంది."

ఇప్పుడాయన ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ కంపెనీలో ఛైర్మన్ నవ్వితేనే మిగతావాళ్లు నవ్వాలి. ఆయన నోరు విప్పేదాకా ఎవరూ విప్పకూడదు.

తెర మీద శనిగ్రహపు ఆక్టోపస్ వెనక్కి తిరిగింది. వీపున జిప్పు తళతళలాడింది.

"అయిపోయాం," గొణిగాడు పక్కనున్న డైరెక్టర్ సొమెయా. "దాన్నెందుకు తిప్పావయ్యా?"

"తిప్పమంది మీరేగా."

"నేను తల తిప్పమన్నాను."

"ఆక్టోపస్‌కి తల తప్ప ఇంకేముందండీ?"

అప్పుడే ముందు వరసలోంచి గురక వినిపించింది.

ఉత్సుగి వంగి చూశాడు. ఛైర్మన్ గడ్డం ఛాతీకి ఆనింది. కళ్లు మూతపడి ఉన్నాయి.

"నిద్రపోయారు."

"ష్. కదలకు. ఇనారి దేవత మన మొర ఆలకించింది."

హీరో శనిగ్రహపు చంద్రుడి మీద కాలు పెట్టాడు. దుమ్ము కోసం చల్లిన గోధుమపిండి గుప్పున లేచింది. తుమ్మాడు. ఆకాశంలోంచి ఒక నక్షత్రం ఊడి అతని నెత్తిన పడింది. ఛైర్మన్ గురక ఒక్క క్షణం ఆగి, రెట్టింపు జోరుగా అందుకుంది. ఉత్సుగికి అంత కమ్మటి సంగీతం ఈమధ్య కాలంలో వినిపించలేదు.

దీపాలు వెలిగాయి. ఎవరూ లేవలేదు, ఎవరూ దగ్గలేదు. కాసేపటికి ఛైర్మన్ కళ్లు తెరిచి, రుమాలుతో తుడుచుకున్నాడు.

"బాగుంది."

అందరూ లేచి నడుం దాకా వంగారు.

"ఆ నౌక ఉందే, అచ్చం పక్షిలా పోయింది. తీగన్నది కనబడితే ఒట్టు."

ఉత్సుగి ఇంకాస్త వంగాడు.

"ఆక్టోపస్ కూడా. వీపున ఎక్కడా అతుకు లేదు. కానీ అన్నిటికంటే, చివర్లో కెప్టెన్ చచ్చిపోతూ రేడియోలో కూతురితో మాట్లాడాడు చూడు, అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. వచ్చేవారం థియేటర్ల వాళ్లకి చూపిస్తున్నా. ఆ సీను గురించి ఇప్పట్నుంచే ఊరిస్తా వాళ్లని."

సినిమాలో కెప్టెన్ చావడు. అతనికి కూతురే లేదు.

సొమెయా నోరు తెరవబోయాడు. ఉత్సుగి అతని కాలు తొక్కాడు. ఆ సీను లేదనడమంటే, మీరు నిద్రపోయారండీ అని మొహం మీద చెప్పడమే. ఆ మాటన్నవాడికి మర్నాడు స్టూడియో గేటు తెరుచుకోదు.

"చాలా కష్టపడి తీశామండీ ఆ సీను," అన్నాడు ఉత్సుగి.

ఛైర్మన్ గది దాటగానే సొమెయా అతని కాలరు పట్టుకున్నాడు.

"కూతుర్ని ఎక్కణ్ణుంచి తెస్తావయ్యా?"

"పుట్టిద్దాం. మీరు సీను రాయండి, నేను తీగకి నల్లరంగు పూసి, ఆక్టోపస్‌కి కొత్త తోలు తొడుగుతా. చూడకుండానే మెచ్చుకున్నాడు మహానుభావుడు. ఆయన కల కన్నది కన్నట్టు తీసేస్తే మన షెడ్డు మనదే."

లోపల్లోపల నవ్వుకుంటూ ఉత్సుగి ఛైర్మన్‌ని కారు దాకా సాగనంపడానికి వెళ్లాడు. వంగి నమస్కరించాడు. కారు అద్దం కిందికి దిగింది.

"వారం సరిపోతుందా?" అడిగాడు ఛైర్మన్. "లేకపోతే చెప్పు, ఇంకో రెండ్రోజులు జరుపుతా."

"దేనికండీ?"

"కూతుర్ని పుట్టించడానికి," అన్నాడాయన. "నేను నవ్వితే మీ షెడ్డు పడగొట్టాలి కదా, అందుకని గంటకు పైగా గురక పెట్టాను. ఈ వయసులో మళ్లీ నావల్ల కాదయ్యా."