రాజుగారి మనిషి

మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద అద్దె సైకిలు దిగిన మనిషిని చూసి వీరమ్మ గుండె గుభేలుమంది.

బక్కపలచటి మనిషి. చంకలో గొడుగు, భుజాన సంచీ. మిగతా గుడిసెలన్నీ దాటుకుని నేరుగా ఆమె గుమ్మం ముందుకే వచ్చి నిలబడ్డాడు.

"వీరమ్మగారంటే మీరేనాండీ? ఇళ్ల ఎంక్వయిరీకి కాకినాడ నుంచి వచ్చానండి."

జేబులోంచి ఏదో కార్డు తీసి చూపించాడు. చదువు రాని వీరమ్మకు ఆ కార్డుతో పని లేదు. ఆ ఒక్క పలకరింపుతోనే దొరికిపోయాడనుకుంది.

ఆఫీసు వాళ్లు జీపులో వస్తారు. వచ్చి ‘ఏమే’ అంటారు. తనను ‘మీరు’ అన్న ఆఫీసరును ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇంత మర్యాద ఒలకబోస్తున్నాడంటే ఇతను ప్రెసిడెంటు అమ్మిరాజుగారు పంపిన మనిషే.

రాజుగారికి ఆ అలవాటు ఉంది.

కిందటేడు ఇలాగే ఒకాయన కాకినాడ ఆఫీసు పేరు చెప్పి గట్టంతా తిరిగాడు. పక్క గుడిసె పాపాయి పాపం నమ్మేసి, ఉన్నదంతా కక్కేసింది. సాయంత్రానికి ఆ ఆఫీసరు రాజుగారి అరుగు మీద కొర్రమీను పులుసు కలుపుకుని భోంచేస్తూ కనిపించాడు. ఆయన నిడదవోలులో ఉండే రాజుగారి బావమరిదట. వారం తిరక్కుండా పాపాయి గుడిసె ఆక్రమణ అన్నారు, పీకించేశారు. ఆమె యానాంలో చెల్లెలి పంచన చేరింది. ఆ మాటకొస్తే గట్టంతా ఆక్రమణే. కానీ అడిగే నోరు ఎవరికుంది?

పాపాయి కక్కిన నిజం ఊరందరికీ తెలిసిందే. సర్కారు, పాపాయి కాకుండా, గట్టు మీది నలుగురు పేదల పేర్న నాలుగు ఇళ్లు మంజూరు చేసింది. రాజుగారు ఆ డబ్బంతా కలిపి రొయ్యల చెరువు పక్కన పొడవాటి షెడ్డు ఒకటి లేపి, దానికి నాలుగు తలుపులు పెట్టించారు. కాగితం మీద అందులో నాలుగు కుటుంబాలు హాయిగా కాపురం చేస్తున్నాయి. నిజానికి కాపురం చేస్తున్నవి రొయ్యల మేత బస్తాలు.

రెండో తలుపు వీరమ్మది. దాని తాళంచెవి ఎలా ఉంటుందో ఆమె ఎరగదు.

ఇన్నాళ్లూ గుట్టుగా సాగింది. ఇప్పుడేమో ఎవరికి ఇల్లు ఇచ్చారో, ఊరికి ఏ పని మంజూరు చేశారో గ్రామసభలో మైకులో చదివి అందరికీ వినిపించాలని కొత్త ఆర్డరు వచ్చింది. శుక్రవారమే సభ. ఇల్లు ముట్టిందని అక్కడ పేరు చదివారంటే ఈ జన్మకు వీరమ్మకు మరో ఇల్లు రాదు. ముట్టలేదని నోరు విప్పితే ఉన్న గుడిసె ఉండదు. కూతురు హెలెన్ నెలలు నిండి పురిటికొచ్చి ఉంది. మబ్బులు అప్పుడే దిగుతున్నాయి.

ఇల్లు చూపించమన్నాడు అతను. వీరమ్మ షెడ్డు దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇందులోనే ఉంటున్నారా అమ్మా?"

"ఆయ్, ఇందులోనేనండి."

"తాళం వేసుందేంటండి?"

"చెవి మా అమ్మాయి దగ్గరుండిపోయిందండి."

తలుపు సందుల్లోంచి మేత కంపు గుప్పుమంటోంది.  దాహంగా ఉంది, కాసిని మంచినీళ్లు ఇప్పించమన్నాడు. వీరమ్మ గట్టు మీది గుడిసెకు పరుగున పోయి చెంబుతో తెచ్చింది. ఇల్లు ఇక్కడుండగా నీళ్లు అక్కణ్ణించి ఎందుకు తెచ్చావని అతను అడగలేదు. అడగనందుకు ఆమెకు ఇంకా భయం వేసింది.

నీళ్లు తాగి, చెంబు ఆమె చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"భయపడకండమ్మా. ఇది నా ఇల్లు కాదు అని ఒక్క మాట చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

నిజం ఆమె నోటిదాకా వచ్చింది. ఆ మొహం చూస్తే నమ్మాలనే అనిపించింది. పాపాయికి కూడా ఇలాగే అనిపించి ఉంటుంది. అది తలుచుకుని వీరమ్మ నిజాన్ని మింగేసింది.

"నాదేనండి. రాజుగారి దయ వల్ల సుఖంగా ఉన్నామండి."

మిగతా ముగ్గురూ కూడా అదే పాఠం అప్పజెప్పారు. అయినా అతను వెళ్లలేదు. పొద్దు వాలేదాకా టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చుని గట్టు వైపే చూశాడు. ఎవరైనా వస్తారేమోనని కనిపెట్టుకుని ఉన్నట్టున్నాడు. కాపలా కాస్తున్నాడని తడిక చాటు నుంచి వీరమ్మ తిట్టుకుంది. అటువైపు అడుగు కూడా వేయలేదు.

శుక్రవారం మైకులో పేర్లు చదివారు.

"కొండ్రు వీరమ్మ, ఇల్లు పూర్తి. విచారణలో లబ్ధిదారు స్వయంగా ఒప్పుకున్నారు. అభ్యంతరాలున్నాయా?"

ఎవరూ లేవలేదు. వీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తన ఇల్లు పోవడం తన చెవులతో తానే విని ఊరుకుంది. గుడిసైనా మిగిలింది కదా అని సరిపెట్టుకుంది.

సభ ముగిశాక అమ్మిరాజుగారు ఆమెను పక్కకు పిలిచారు. ఆయన అంత సంబరంగా ఉండడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అడగడానికి ఇదే అదననుకుంది.

"మీరు పంపిన మనిషికి మీకు కావాల్సినట్టే చెప్పానండి. మా గుడిసె జోలికి మాత్రం రాకండి బాబూ."

రాజుగారు అయోమయంగా ఆమె మొహంలోకి చూశారు. అంతలోనే విషయం అర్థమై, పగలబడి నవ్వారు.

"నా మనిషేంటే పిచ్చిదానా, నాది కాదని నువ్వొక్క ముక్క అనుంటే నన్ను జైల్లో పెట్టించి, నీకు కొత్త ఇల్లు రాసిచ్చి పోదామని కాకినాడ నుంచి వచ్చిన అసలు ఆఫీసరే ఆయన."