అంగుళం వదలని తీతువు

ఏటి ఒడ్డున జంతువులు సభ పెట్టుకున్నాయి. “ఈ ఒడ్డు మనది! ఎవరొచ్చినా అంగుళం కూడా వదలం!” అని తీతువు పిట్ట గొంతు చించుకుంటే అన్నీ కేరింతలు కొట్టాయి.

మర్నాడే ఏరు పొంగింది. ఇసుకలో తీతువు పెట్టిన గుడ్ల దాకా నీళ్లొచ్చాయి.

“నీటికుక్క బావా, వీటిని మెరక మీదికి చేర్చవూ!”

“మింగకుండా చేరుస్తాలే మరదలా. మెరకెక్కడుంది మరి?”

తీతువు ఒడ్డు వెంట అటూ ఇటూ పరుగెత్తింది. నిన్న మనదని అంత వాదించిన ఒడ్డులో మెరకేదో పల్లమేదో దానికే తెలియదు. ఇద్దరూ వెతగ్గా వెతగ్గా రెల్లు దుబ్బుల వెనక మెరక దొరికేసరికి మిగతావి కొట్టుకుపోయి ఒక్క గుడ్డే మిగిలింది.

మళ్లీ సభలో “మాట్లాడమ్మా” అన్నాయి జంతువులు.

“ముందు ఒడ్డంతా చూసొచ్చి ఎక్కడేముందో చెబుతాను. ఇంత పొడుగు కాళ్లుండీ ఇన్నాళ్లూ నోటితోనే నడిచాను” అంది తీతువు.